నలుగురు తోబుట్టువులు, ఒకే గది



ఈసారి ఉగాదికి హాలు మాట్లాడుకుందామా, ఎవరింట్లో వాళ్ళు తీసిన వీడియోలు అతికించి చూపిద్దామా అని మన సంఘంలో చర్చ నడుస్తోంది. ఆ మాటల మధ్య మాకు ఒక అమెరికా టీవీ హాస్య ధారావాహిక గుర్తొచ్చింది. దానికీ మనకూ చుట్టరికమేమీ లేదు. అయినా దాని చరిత్ర ఒకసారి చెప్పుకుందాం.

ఆ ధారావాహిక పేరు 'అరెస్టెడ్ డెవలప్‌మెంట్'. మిచెల్ హర్విట్జ్ రూపకల్పన. 2003 నవంబరు 2న ఫాక్స్ చానల్లో మొదలైంది. కాలిఫోర్నియాలో ఇళ్ళు కట్టి అమ్మే బ్లూత్ కుటుంబం కథ అది. మొదటి ఎపిసోడ్‌లోనే తండ్రి అరెస్టవుతాడు. పిల్లలు నలుగురు. జోబ్ గారడీలు చేస్తాడు, సగం బెడిసికొడతాయి. లిండ్సేకి ఖర్చు తప్ప సంపాదన తెలియదు. బస్టర్ పెద్దయినా అమ్మ కొంగు వదలడు. వీళ్ళందరినీ ఈడ్చుకొచ్చే బరువు మైకేల్‌ది.

అప్పటి హాస్య ధారావాహికలకు ఇది ఎదురు దారి. వెనక నుంచి నవ్వుల శబ్దం లేదు. కెమెరాను చేత్తో పట్టుకుని డాక్యుమెంటరీలా తీశారు. దర్శకుడు రాన్ హోవార్డ్ గొంతు కథ చెబుతూ, పాత్రల అబద్ధాలను అక్కడికక్కడే బయటపెడుతుంది. ఇవాళ వేసిన జోకు పది వారాల తర్వాత పండుతుంది. విమర్శకులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2004లో ఉత్తమ హాస్య ధారావాహిక సహా 5 ఎమ్మీలు వచ్చాయి.

అయితే జనం రాలేదు. వారం తప్పితే జోకు అందని కథ వారానికోసారి వచ్చే టీవీలో నిలవడం కష్టం. తొలి సీజన్ 22 ఎపిసోడ్లు, రెండోది 18, మూడోది 13. 2006 ఫిబ్రవరి 10న, శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవం రోజునే, మిగిలిన నాలుగు ఎపిసోడ్లూ ఒకే సాయంత్రం వేసి మూసేశారు. మెప్పు దండిగా ఉన్నా ఇల్లు నిలవలేదు.

ఆ తర్వాత డీవీడీల్లో దాన్ని వరసగా చూసినవాళ్ళు పెరిగారు. 2013 మేలో నెట్‌ఫ్లిక్స్ 15 కొత్త ఎపిసోడ్లతో మళ్ళీ తెచ్చింది. మాకు ముఖ్యమనిపించే ఘట్టం ఇదే. నటులందరూ ఈలోగా పెద్దవాళ్ళయ్యారు, ఒకేసారి దొరకలేదు. అందుకని ఒక్కో ఎపిసోడ్‌ను ఒక్కొక్కరి చుట్టూ అల్లారు. కొన్ని దృశ్యాలు విడివిడిగా తీసి కలిపారు. రాత అదే, నటులు వాళ్ళే, తెలివి తగ్గలేదు. అయినా విమర్శకులు రెండుగా చీలిపోయారు. చాలామంది చెప్పిన లోటు ఒకటే: కుటుంబం ఒక్కచోట కనబడటం లేదు. 2018లో హర్విట్జ్ ఆ సీజన్‌నే కాలక్రమంలో మళ్ళీ కూర్చి 22 ఎపిసోడ్లు చేశాడు. వరస కుదిరింది కానీ, ఎడిటింగ్ బల్ల మీద తోబుట్టువులను ఒక గదిలో కూర్చోబెట్టడం ఎవరి తరం?

మొదట్లో అందరూ పొగిడింది కెమెరానూ, జోకుల అల్లికనూ. వాటి కింద ఉన్న అసలు బలం అది పోయాకే తెలిసింది. ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు మొహం చిట్లించడం, అక్క మాట తమ్ముడు మధ్యలో తుంచేయడం, అమ్మ ఒక్క చూపుతో నలుగురినీ నిలబెట్టడం. ఇవి ఒక గదిలోనే పుడతాయి.

మన సంగతీ అంతే. పైతరాలు ఊళ్ళు వదిలి వచ్చినా తెలుగు మనదాకా వచ్చిందంటే, పెళ్ళి పందిట్లో, పండగ వంటింట్లో పిల్లలు పెద్దల మాటకు అడ్డుపడి, తప్పు పలికి, దిద్దించుకున్నారు కాబట్టే. వీడియోలో పద్యం చదివిన పిల్లవాడి తప్పును పక్కనుండి దిద్దే తాతయ్య ఉండడు.

హాలు అద్దె భారమే, కాదనం. సగం కుర్చీలు ఖాళీగా ఉండొచ్చు కూడా. అయినా మా ఓటు హాలుకే. మీ మాట కింద రాయండి. ఇంకా మంచిది, ఆదివారం సమావేశానికి వచ్చి చెప్పండి.