రైతు శబ్దము - వాల్మీకిపుర ప్రాంత పరిపాలనము

'రైతు' శబ్దము తెనుఁగునఁ బుట్టినది కాదు. అరబ్బీ భాషలో మందను మేపుట యను నర్థము గల ధాతువునుండి పాలితజనవాచకముగా నేర్పడి, పారసీకపు రాజవ్యవహారము వెంట మన దేశమునకు వచ్చినది. కావున దీని యోగార్థము 'ఏలఁబడువాఁడు'. రూఢ్యర్థము 'భూమిని దున్నువాఁడు'. ఈ ఏలఁబడువాఁడు ఏలుబడిలో భాగస్వామి యెట్లయ్యెనో వాల్మీకిపుర పరిసరముల చరిత్రము చక్కఁగాఁ దెలుపును.

వాయల్పాడని ప్రసిద్ధమైన యీ పురమునకు సమీపముననున్న గుఱ్ఱంకొండ దుర్గము హైదరు, టిప్పూల యేలుబడిలోనుండి, పిమ్మట నైజాము వశమయ్యెను. 1800 లో నైజాము దత్తమండలములను కుంపిణీ కొసఁగెను. 1807 వఱకు వానికిఁ బ్రధాన కలెక్టరుగానుండిన తామస్ మన్రో పాలెగాండ్ర బలము నణఁచి, దొరతనమునకును రైతునకును నడుమ మధ్యవర్తి లేకుండ ఒక్కొక్కరికి శిస్తు నిర్ణయించెను. అతఁడు వెడలిన పిమ్మట గ్రామములను గుత్త కిచ్చు పద్ధతి కొంతకాలము నడిచినను, 1820 లో నతఁడు చెన్నపురి గవర్నరైన తరువాత రైత్వారీయే మరల నెలకొనెను.

పుంగనూరు, కుప్పముల స్థితి వేఱు. పుంగనూరు జమీందారును, కుప్పము నందలి కంగుంది జమీందారును దొరతనమునకుఁ బేష్కషు చెల్లించుచు, రైతులయొద్ద శిస్తు తాము గైకొనుచుండిరి. 1908 నాఁటి ఎస్టేటుభూముల చట్టము జమీరైతునకు సాగుభూమిపై స్థిరమైన హక్కునిచ్చినను జమీందారును తొలఁగింపలేదు. 1911 ఏప్రిలు 1 న చిత్తూరు జిల్లా యేర్పడఁగా, అంతవఱకుఁ గడపజిల్లాలోనుండిన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలును, ఉత్తరార్కాటులోనుండిన పుంగనూరును ఒక్క కలెక్టరు క్రిందికి వచ్చెను. జిల్లా యొక్కటియే, భూపరిపాలనము మాత్రము రెండు విధములు.

స్వరాజ్యవాదము విద్యాలయముల ద్వారా నీ ప్రాంతమునఁ బ్రవేశించెను. అనీబిసెంటు 1915 లో మదనపల్లెయందుఁ గళాశాలను స్థాపించెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటనే తన 'జనగణమన' గీతమును ఆంగ్లమున ననువదించెను. ఆ యేఁటి రాజ్యాంగచట్టము విద్య, స్థానికపాలనము మొదలగువానిని మంత్రుల కప్పగించి, భూమిశిస్తును, రక్షకభటశాఖను గవర్నరు కార్యాలోచనసభ చేతనే నిలిపెను. రైతు జీవితమును మిక్కిలి తాఁకు విషయమే ప్రజాప్రతినిధులకు దూరముగానుండెనన్నమాట.

1935 నాఁటి చట్టముచే నీ విభాగము రాష్ట్రములందు రద్దయ్యెను. 1937 లో నేర్పడిన రాజగోపాలాచారి మంత్రివర్గమున రెవిన్యూశాఖ టంగుటూరి ప్రకాశముది. ఆయన యధ్యక్షుఁడుగాఁ గల జమీందారీ విచారణసంఘము 1938 లో నివేదిక సమర్పించి, భూస్వామి రైతేయనియు, జమీందారు శిస్తు వసూలు చేయువాఁడు మాత్రమే యనియు సిద్ధాంతీకరించెను. యుద్ధకారణమున 1939 లో మంత్రివర్గము రాజీనామా యిచ్చుటచే నది చట్టరూపము నొందలేదు.

1947 ఆగస్టు 15 న దేశము స్వతంత్రమయ్యెను. జమీరైతునకు మాత్రము 1948 నాఁటి 26 వ చట్టము కావలసివచ్చెను. ఆ చట్టము పేరే గమనింపఁదగినది: ఎస్టేటుల రద్దు, రైత్వారీగా మార్పు. స్వతంత్రదేశపు శాసనసభ పుంగనూరు రైతునకుఁ జూపిన విముక్తిమార్గము, పరదేశీయుఁడైన మన్రో వాయల్పాడున నెలకొల్పిన పద్ధతియే. అయినను రెంటికిని భేదము కలదు. మన్రో రైతునకుఁ బట్టా నిచ్చెను గాని శిస్తు నిర్ణయమున మాట నీయలేదు. ఆ మాట 1950 జనవరి 26 న నమలులోనికి వచ్చిన రాజ్యాంగమునందలి సార్వజనిక వోటుహక్కుతో లభించెను. పట్టాలేని కూలివానికిని అది సమానముగానే దక్కెను. భూమి మాత్రము వానికా చట్టమువలన రాలేదు.

కావున వాల్మీకిపురము, పుంగనూరు, కుప్పములయందు స్వాతంత్ర్యము ఒక్కదినమున సిద్ధించిన కార్యము కాదు. పట్టా, చట్టము, వోటు అను మూఁడును వేఱువేఱు కాలములందు వచ్చినవి. మూఁడవది వచ్చిన నాఁడే 'రైతు' శబ్దము తన యోగార్థమును విడిచెను.