లెక్కలో పట్టుబడిన వివక్ష: టెక్సాస్ జ్యూరీల కథ

"మమ్మల్ని కావాలనే పక్కన పెట్టారు" అని మనం అంటే, "అదేం లేదు, అలా కుదిరిందంతే" అంటారు. ఈ మాటకి జవాబు ద్విపద విభాజనంలో ఉంది. డిగ్రీలో చదివి, పరీక్ష అవగానే వదిలేశాం కదా, అదే.

అమెరికాలో మెక్సికో సరిహద్దునే హిడాల్గో కౌంటీ ఉంది, టెక్సాస్ రాష్ట్రం. 1970 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 79.1 శాతం మెక్సికన్ అమెరికన్లే. ఒకరి మీద కేసు నడపాలా వద్దా అని తేల్చేది గ్రాండ్ జ్యూరీ. అప్పట్లో దానికి పేర్లు ఇచ్చేది జడ్జి నియమించిన కమిషనర్లు. చీటీలు తీయడం కాదు, తమకు తగినవాళ్లు అనిపించినవాళ్లని రాసుకోవడమే. 11 ఏళ్లలో 870 మందిని పిలిస్తే, అందులో మెక్సికన్ అమెరికన్లు 339 మంది.

పార్టిడా అనే ఖైదీ దీని మీద కోర్టుకెళ్లాడు. కేసు పేరు కాస్టనేడా వర్సెస్ పార్టిడా, తీర్పు 1977లో వచ్చింది. జస్టిస్ బ్లాక్‌మన్ తీర్పు అడుగున ఫుట్‌నోట్‌లో లెక్క కట్టాడు. మనమూ కట్టొచ్చు. ఎన్ 870, పి 0.791. రెండూ గుణిస్తే 688 మంది రావాలి. దాన్ని మళ్లీ 0.209తో గుణించి వర్గమూలం తీస్తే స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 12. అంటే యాదృచ్ఛికంగా తీస్తే 688కి ఓ ఇరవై ముప్పై అటూ ఇటూ ఉండాలి. తగ్గింది 349! 29 డీవియేషన్లు. అలా దానంతటదే జరిగే సంభావ్యత, 1 పక్కన 140 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒకటి కన్నా తక్కువ.

పదేళ్ల ముందు, 1967లో, జార్జియా కేసు విటస్‌లోనూ ఇదే పద్ధతి వాడారు: 27.1 శాతం నల్లవాళ్లున్న పన్ను జాబితా నుంచి తీసిన 90 మందిలో వాళ్లు ఏడుగురే. సంభావ్యత 0.000006.

టెక్సాస్ వైపు వాదన మనకు బాగా తెలిసిందే. జడ్జీ మెక్సికన్ అమెరికనే, ఐదుగురు కమిషనర్లలో ముగ్గురు వాళ్లే, ఇంకెక్కడి వివక్ష అని. మనవాళ్లే మనవాళ్లని తొక్కరని ముందే అనుకోలేం అంది కోర్టు. పార్టిడా గెలిచాడు, కానీ 5-4తోనే. జనాభా కాదు, అర్హత ఉన్నవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలని బర్గర్ భిన్నాభిప్రాయం రాశాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే, మనల్నీ అడుగుతారు. పి ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్పగలగాలి.

ఇంకోటి. అర్హుల్లో మనం 20 శాతం అనుకోండి. 10 మంది జాబితాలో ఒక్కరూ లేకపోతే, 0.8ని పదిసార్లు గుణించండి, 0.107. తొమ్మిదింట ఒకసారి మామూలుగానే జరుగుతుంది, దీంతో కేసు నిలబడదు. అదే 50 మందిలో ఒక్కరూ లేకపోతే 70 వేలల్లో ఒకసారి. అందుకే ఒక్క ఏడాది జాబితా చూసి ఊరుకోవద్దు, పాతవి కూడా తీయించండి. హిడాల్గోలో తీసింది పదకొండేళ్లవి.