మబ్బులకెక్కిన పని పలక

ఒక పనిని పదిమంది కలిసి తలకెత్తుకున్నప్పుడు మూడు ప్రశ్నలు తప్పవు. ఏ పని ఎవరిది? ఎప్పటిలోగా కావాలి? దేని తరువాత ఏది? ఈ మూడింటికీ జవాబులు రాసిపెట్టుకునే సాధనాలనే ఇవాళ ప్రాజెక్టు మేనేజిమెంటు సాఫ్టువేర్లు అంటున్నాము. జిరా, ట్రెల్లో, ఆసనా, బేస్‌క్యాంప్, జోహో ప్రాజెక్ట్స్ వంటి పేర్లు సాఫ్టువేరు కొలువుల్లో ఉన్న మిత్రులకు నిత్యపారాయణాలే. ఇప్పుడు చిన్న పత్రికలు నడిపేవారూ, సేవాసంస్థలవారూ కూడా "వీటిలో ఏది మంచిది?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు ధరల పట్టికలో కన్నా ఈ సాధనాల చరిత్రలోనే ఎక్కువగా దొరుకుతుందని నా అభిప్రాయం.

కథ పోలండులో మొదలవుతుంది. కరోల్ అడమియెట్స్కీ అనే ఇంజనీరు 1896లో, ఉక్కు కర్మాగారాల పనిని గమనిస్తూ, ఏ పని ఎంతసేపు పడుతుందో, దేనికోసం ఏది ఆగుతుందో ఒక్క చూపులో తెలిసే పటాన్ని తయారుచేశాడు. దానికి హార్మొనోగ్రామ్ అని పేరు పెట్టాడు. కానీ ఆయన రాసినది పోలిష్, రష్యన్ భాషల్లో. 1910ల్లో అమెరికాలో హెన్రీ గాంట్ గీసిన పటాలు ఇంగ్లీషు లోకంలో వ్యాపించి, గాంట్ చార్టు అన్న పేరే స్థిరపడిపోయింది. చిన్న భాషలో పెద్ద పని చేసినవారికి పట్టే గతి మనకు కొత్త కాదు కదా!

తరువాతి మలుపు 1957, 58 సంవత్సరాలది. డ్యూపాంట్ రసాయనాల సంస్థలో మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి 'క్రిటికల్ పాత్' పద్ధతిని రూపొందించారు. ఇల్లు కట్టే ఉదాహరణ తీసుకుంటే సులువుగా బోధపడుతుంది. పునాది పడనిదే గోడ లేవదు, గోడ లేవనిదే కప్పు పడదు. కానీ తలుపులు చేసే వడ్రంగి పని ఈలోగా పక్కన సాగిపోవచ్చు. ఇలా ఒకదానిపై ఒకటి ఆధారపడిన పనుల గొలుసుల్లో అన్నిటికన్నా పొడవైనది ఏదో, అందులో ఒక్కరోజు జాగు జరిగినా ఇల్లంతా ఒక్కరోజు ఆలస్యమవుతుంది. మిగతా గొలుసుల్లో కొంత వెసులుబాటు ఉంటుంది.

ఇంచుమించు అదే సమయంలో, 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం 'పెర్ట్' అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. జలాంతర్గామి నుంచి ప్రయోగించే ఆ క్షిపణి 1960 నాటికే సేవలోకి రావడంతో పెర్ట్ కీర్తి దేశదేశాలకూ పాకింది. అయితే హార్వీ సపోల్స్కీ అనే పరిశోధకుడు 1972లో వెలువరించిన గ్రంథంలో ఆ కీర్తిని తరచి చూశాడు. ఆయన తేల్చినదేమంటే, ఆ పటాల వల్ల పని సాగినదానికన్నా, పైవారి జోక్యం నుంచి ఆ విభాగానికి దొరికిన రక్షణే ఎక్కువ. కంప్యూటరు గీసిన అంత క్లిష్టమైన పటం ముందుంటే ఎవరు మాత్రం ప్రశ్నించగలరు?

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ ఆయువుపట్టు ఇదే. పని పలక రెండు రకాలు: పని చేసేవాడు చూసుకునేది, పైవాడికి చూపించేది.

మొదటి రకానికి ఉదాహరణ జపానులో ఉంది. టొయోటా కర్మాగారంలో తాయిచీ ఓనో 1950ల్లో కాన్‌బాన్ చీటీల పద్ధతిని నెలకొల్పాడు. అమెరికా సూపర్‌మార్కెట్లలో సరుకు ఖాళీ అయిన మేరకే అర నింపుతారన్న విషయం ఆయనకు స్ఫూర్తి. తరువాతి దశవాడు చీటీ పంపితేనే ముందు దశవాడు భాగం తయారుచేస్తాడు. పని ఎక్కడ పేరుకుపోయిందో అక్కడ నిలబడిన కార్మికుడికే మొదట కనిపిస్తుంది.

1984లో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ డాస్ మీద వచ్చింది. గాంట్ పటం మేనేజరు బల్ల మీది కంప్యూటరులోకి చేరింది కానీ, మిగతావారికి అది అచ్చుతీసి గోడకంటించిన కాగితమే. అంటించిన మర్నాటికే అది పాతబడేది. బ్రౌజరులో తెరిచే పలక వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. షికాగోలోని 37సిగ్నల్స్ సంస్థ 2004లో బేస్‌క్యాంప్‌ను విడుదల చేసింది. దాని నుంచి వేరుచేసి తీసినదే రూబీ ఆన్ రైల్స్. 2006లో చెన్నై సంస్థ జోహో ప్రాజెక్ట్స్‌ను తెచ్చింది. 2011లో వచ్చిన ట్రెల్లో, ఓనో చీటీలనే తెరమీదికి తెచ్చింది: చేయవలసినవి, చేస్తున్నవి, అయిపోయినవి. హైదరాబాదులో ఒకరు పడుకునేముందు జరిపిన చీటీ, డల్లాసులో మరొకరు పొద్దున లేచేసరికి సరైన గడిలో ఉంటుంది. ఇది చిన్న మేలు కాదు.

కానీ మబ్బు అన్నది కవిసమయం మాత్రమే. నిజానికి అది ఎక్కడో నేలమీద ఉన్న పరాయి కంప్యూటరు. 2009లో జియోసిటీస్ మూతపడి ఎన్నెన్ని పుటలు మాయమయ్యాయో పాత కాపులకు గుర్తుండే ఉంటుంది. పని జాబితాలు రాసుకునే వండర్‌లిస్ట్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొని, 2020లో ఆపేసింది. జిరాను తయారుచేసే ఆస్ట్రేలియా సంస్థ అట్లాసియన్‌లో 2022 ఏప్రిల్ 5న ఒక నిర్వహణ స్క్రిప్టు పొరబాటున 775 ఖాతాదారుల సైట్లను తుడిచేసింది. ప్రతులు భద్రంగా ఉన్నా, అందరివీ తిరిగి నిలబెట్టేసరికి రెండు వారాలు పట్టింది. సొంత సర్వరులో పెట్టుకునే జిరా సర్వర్‌కు 2024 ఫిబ్రవరి 15తో అదే సంస్థ మద్దతు ముగించింది. పూర్వం ఊరి భూమి రైతుదే అయినా దస్త్రం కరణం చేతిలో ఉండేది. పని మనదే అయినా పలక పరాయివాడిదైతే పరిస్థితి అలాగే ఉంటుంది.

కాబట్టి ఎంచుకునేటప్పుడు ఈ చరిత్ర చెప్పే మాటలు కొన్ని. మీ పనులు ఇల్లు కట్టినట్టు ఒకదానిపై ఒకటి ఆధారపడినవైతే గాంట్ పటం ఉన్నది చూడండి. పత్రికకు వచ్చే రచనల్లా విడివిడిగా వచ్చిపోయేవైతే చీటీల పలక చాలు. నలుగురున్న బృందానికి నలభై గడుల ఫారం పెడితే నింపడమే ఒక పని అవుతుంది. చివరికి మేనేజరొక్కడే నింపుతాడు, అప్పుడది పొలారిస్ పటమే. మనిషికింత అని నెలనెలా వసూలు చేసేవాటిలో బృందం రెట్టింపైతే ఖర్చెంతో ముందే లెక్కవేయండి. ఒక్క నిజమైన పనిని పెట్టి రెండు వారాలు వాడి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, చేరిన తొలిరోజే అందులోని సమాచారాన్ని బయటికి దించి చూడండి. తెలుగులో రాసిన చీటీలు చాలా సాధనాల్లో సీఎస్‌వీ ఫైలుగా దిగుతాయి. దాన్ని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే ఒక్కోసారి అక్షరాలు పిచ్చి గీతలై కనిపిస్తాయి. దిగుమతి చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచితే చాలామటుకు చక్కబడతాయి. అప్పటికీ చక్కబడకపోతే ఆ సాధనానికి దూరంగా ఉండటమే మేలు. నెలకొకసారి ఆ ప్రతిని మీ దగ్గర దాచుకోండి.

పలక ఏదైనా సరే, పని చేసే చెయ్యే దాని మీద రాయాలి, రాసినది ఆ చేతికే తిరిగి దక్కాలి. ఈ రెండూ కుదిరినది మంచి సాధనం. మీ బృందాల్లో ఏది నిలిచిందో, ఏది ఎందుకు మూలపడిందో రాస్తే మిగతా మిత్రులకూ ఉపయోగపడుతుంది.