అపోలో-11 ప్రత్యక్ష ప్రసారం: ప్రేక్షక సంఖ్యల ప్రామాణ్యం

టెలివిజన్ చరిత్రలో అత్యధికులు వీక్షించిన ప్రత్యక్ష ప్రసారాలను పేర్కొనేటప్పుడు 1969 జూలైలో మానవుడు చంద్రునిపై అడుగుపెట్టిన దృశ్యాన్ని ప్రస్తావించడం పరిపాటి. దానిని సుమారు 65 కోట్ల మంది చూశారని అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అంచనా. 'ప్రపంచమంతా చూసింది' అనే వాక్యానికి ఈ సంఖ్యే ఆధారమైంది. అయితే ఈ సంఖ్య వాస్తవానికి దేనికి సాక్ష్యమన్నది విచార్యం.

మొదట ప్రసార మార్గాన్ని పరిశీలించాలి. చంద్రునిపై ఉంచిన కెమెరా సెకనుకు 10 చిత్రాలను, ఒక్కొక్కటి 320 గీతలతో పంపింది. నాటి గృహ టెలివిజన్లు ఆ ప్రమాణాన్ని స్వీకరించలేవు. కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్, ఆస్ట్రేలియాలోని హనీసకిల్ క్రీక్, పార్క్స్ కేంద్రాలు అందుకున్న సంకేతాలను భూమిపైనే సాధారణ ప్రసార ప్రమాణంలోకి మార్చి హ్యూస్టన్‌కు చేరవేశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ తొలి అడుగు దృశ్యం హనీసకిల్ క్రీక్ ద్వారా లోకానికి అందింది. అక్కడి నుండి దేశదేశాలకు చేరడానికి ఉపగ్రహాలు, భూకేంద్రాలు, ప్రసార కేంద్రాలు, ఇళ్లలో టెలివిజన్లు కావాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ప్రేక్షకుడు లేడు.

1969లో ప్రపంచ జనాభా సుమారు 360 కోట్లు. అంటే నాసా అంచనాను యథాతథంగా అంగీకరించినా, చూసినవారు ఐదింట ఒక వంతుకు లోపే. సోవియట్ యూనియన్, చైనా ఈ దృశ్యాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేయలేదు. అక్కడ అడ్డుపడినది రాజకీయ నిర్ణయం. భారతదేశంలో అడ్డుపడినది సాధనాల లేమి. 1959లో ఢిల్లీలో ప్రారంభమైన టెలివిజన్ 1972లో బొంబాయి కేంద్రం ఏర్పడే వరకు మరో నగరానికి విస్తరించలేదు. తొలి అడుగు పడినది భారత కాలమానం ప్రకారం జూలై 21 ఉదయం 8 గంటల 26 నిమిషాలకు. ఆ వేళ ఆంధ్రప్రదేశ్‌లో టెలివిజన్ ప్రసారమే లేదు. ఇక్కడి ప్రజలకు ఆ వార్త రేడియో, పత్రికల ద్వారానే చేరింది.

సంఖ్యలన్నింటికీ ఒకే విలువ లేదన్నది గమనార్హం. 1967 జూన్ 25న అనేక దేశాలను ఉపగ్రహాలతో కలిపిన 'అవర్ వరల్డ్' కార్యక్రమానికి చెప్పిన అంచనాలు 40 కోట్ల నుండి 70 కోట్ల వరకు ఉన్నాయి. 1997లో డయానా అంత్యక్రియలను బ్రిటన్‌లో 3.2 కోట్ల మంది చూశారన్నది నమూనా కుటుంబాల వీక్షణను నమోదు చేసి కట్టిన లెక్క. ప్రపంచవ్యాప్తంగా 200 కోట్లకు పైగా చూశారన్నది అటువంటి కొలత లేని అంచనా. ఈ రెండింటినీ ఒకే పట్టికలో చేర్చడం చరిత్ర రచనా పద్ధతికి విరుద్ధం.

చంద్రునిపై అడుగుపడిన ఆరేళ్లకు, 1975-76లో, నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా సాగిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు టెలివిజన్ చేరింది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో గాని మొదలుకాలేదు. ఈ కాలక్రమాన్ని బట్టి, 65 కోట్లన్న సంఖ్య మానవజాతి ఆసక్తికి కొలమానం కాజాలదని స్పష్టమవుతుంది. టెలివిజన్ నాటికి ఎంతవరకు విస్తరించిందో మాత్రమే అది తెలుపుతుంది. ఆ ఉదయం రేడియోలో విన్నవారిని, మరునాడు పత్రికలో చదివినవారిని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే ఆ సంఘటన చరిత్ర సమగ్రమవుతుంది.