పేరొక ఊరిది, కాపురమొక ఊర్ల

జర దగ్గరికి జరుగు బిడ్డా. కంది కట్టె పొగ కండ్లల్ల పడ్తది గని మంట మాత్రం మంచిగుంటది. ఆ ఫోను అరుగు మీద పెట్టు, అది ఎటూ పోదు. వెనకట మన నాగారంల చలి ఇంకా జబర్దస్తుగ ఉండె. ఈడికెళ్లి రాంపల్లి దాకా చూస్తే ద్రాక్ష తోటలు, జొన్న చేన్లు. ఆ చేన్ల మీదికెళ్లి చలి ఉరుక్కుంట వచ్చేది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ల నడుమ సందు దేవులాడుకుంట వస్తున్నది.

పొద్దుగాల నువ్వన్న మాట పొద్దంత నా చెవుల్నే ఉన్నది. "తాతా, జేఎన్‌టీయూ అంటే కూకట్‌పల్లి దిక్కు మెట్రో స్టేషనే గద?" అన్నవు. నీకు అది స్టేషను, నాకు ఇంటిపేరు. ఆ స్టేషన్‌కు రైలొచ్చింది 2017 నవంబర్‌ల. ఆ పేరు పుట్టింది 1972 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు. అప్పటికే నేను కాలేజీల చేరి ఒక ఏడయింది. చేరినప్పుడు మా కాలేజీకి ఒక పేరు, బయటికొచ్చినప్పుడు ఇంకో పేరు. పెండ్లయినంక ఆడపిల్లకు ఇంటిపేరు మారినట్టు, మాకు చదువు నడుమనే మారింది.

నేను చేరింది నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీ. 1965ల పెట్టిన్రు. అప్పటికి సాగర్ కట్ట ఇంకా కడ్తనే ఉన్నరు. 1955 డిసెంబర్‌ల నెహ్రూ పునాదిరాయి వేస్తే, 1967 ఆగస్టుల ఇందిరమ్మ వచ్చి కాల్వలకు నీళ్లు విడిచింది. ఆ రోజుల్ల ఎవరి నోట విన్నా సాగర్ మాటే. కాలేజీకి పెట్టిన పేరు సాగర్‌ది, కాలేజీ ఉన్నది మాత్రం హైదరాబాద్‌ల.

ఈ సంగతి మా నాయినకు ఎక్కలేదు. 1969ల తెలంగాణ కొట్లాటల బడులు, కాలేజీలు మూతబడి మాకొక ఏడు పోయింది. ఇగ వీని చదువు అటకెక్కినట్టే అనుకున్నడు. అట్లాంటిది సీటొచ్చిందని కార్డు వస్తే, దాన్ని రుమాలుల మడతపెట్టుకొని ఊరంత తిరిగిండు. "మావోడు సాగర్‌ల ఇంజనీరు చదువుతుండు" అని కనబడ్డ మనిషికల్ల చెప్పిండు. ఇగ చూడు, ఒకాయన ఆపి "సాగర్ల చేపలు మనిషంత ఉంటయట గదరా, వచ్చేటప్పుడు ఒకటి పట్టుకరా" అనె. ఇంకొకాయన కట్ట ఎంత లేచిందని అడిగె. మా అవ్వ మొదటి రోజు పది జొన్న రొట్టెలు, పచ్చికారం మూట కట్టింది, మూడు రోజుల తొవ్వకు కట్టినట్టు. నేను మునిమాపుకు ఇంటికొచ్చి గడపల నిలబడితే గుండె పట్టుకున్నది. "ఏమైందిరా, రానియ్యలేదా?" అని. కాలేజీ పట్నంల్నే ఉన్నదని ఆమెకు చెప్పెటాలకు నా తల ప్రాణం తోకకొచ్చింది. అయినా సాగర్ అన్న పేరును మా నాయిన సచ్చేదాక విడవలేదు. ఆ పేరుల నీళ్లున్నయి, నీళ్లున్న పేరు ఎవరు విడుస్తరు చెప్పు, మన మెట్ట ఊర్ల?

తొవ్వ సంగతి చెప్పాలె నీకు. నువ్వు గేటు ముందటికి కాలేజీ బస్సు రావాలంటవు గద! నాగారం నుంచి ఈసీఐఎల్ దాకా సైకిల్. ఈసీఐఎల్ పెట్టింది 1967ల. దాని చుట్టుపక్కల అప్పుడే నాలుగు కొట్లు, రెండు హోటళ్లు మొలుస్తున్నయి. ఒక చాయ్ హోటల్ల సైకిల్ పెడితే హోటలాయన నెలకు రూపాయి తీసుకునేటోడు. ఆ రూపాయిల గాలి కొట్టుడు కూడా కలిసే. ఆడికెళ్లి సికింద్రాబాద్‌కు బస్సు, సికింద్రాబాద్ నుంచి ఇంకో బస్సు. చాయ్ పదిహేను పైసలు. ఇద్దరం కలిసి వన్ బై టూ తాగేది. పైసల్లేక కాదు బిడ్డా, ఒక్కడే కూసొని చాయ్ తాగుడు మర్యాద కాదని.

డ్రాయింగుకు గీతలు గీసే మా టీ స్క్వేరు నువ్వు చూడలే. టేకు కట్టె, అంచుకు నల్ల పట్టీ, నా నడుము నుంచి పాదం దాకా పొడుగు. దాన్ని సైకిల్ డండాకు సుతిలి తాడుతోని కట్టేది. బస్సుల ఐతే చంకల నిలువుగ పట్టుకునేది, కండక్టర్ "నాగలికి కూడా టికెట్ తీసుకో" అని నవ్వేటోడు. పెన్సిల్ బ్లేడుతోని చెక్కి, దాని మొనను గరుకు కాగితం మీద రుద్ది ఉలి లెక్క పలచగ చేసేది. గీత వెంట్రుకంత ఉండాలె. మొన జర మందమైతే మా సారు ఏమనకపోయేది, షీటును ఎండకెత్తి పట్టి ఊకె చూసేటోడు. ఆ చూపుకు తిట్లే నయం. లెక్కలకు స్లైడ్ రూల్, క్లార్క్స్ టేబుల్స్. లెక్క సరిగ్గ వచ్చిందో లేదో ముందుగాల మనసుల అంచనా కట్టుకునేది, ఎందుకంటే స్లైడ్ రూల్ అంకెలు చెప్తది గని చుక్క ఏడ పెట్టాలెనో చెప్పది. ఒకసారి కుషాయిగూడ కాడ వాన దంచికొట్టి నా వారం రోజుల షీటు తడిసింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక? నల్ల సిరా కారి, గీసిన గేర్ చక్రం జాతరల వేషగాని ముఖం లెక్కయింది. మల్ల గీసిన. డ్రాయింగ్ షీటు చారానా. ఆ చారానా కోసం నాయినను అడుగుతానికి ఒక రాత్రంత ఆలోచన చేసిన.

ఏడికో పోతున్న, ఆగు. పేరు మారిన ముచ్చట చెప్తున్న గద.

అప్పుడు ముఖ్యమంత్రి పీవీ నరసింహారావు. మూడు ఊర్ల మూడు ఇంజనీరింగ్ కాలేజీలను, పట్నంల ఫైన్ ఆర్ట్స్ కాలేజీని ఒక్క కప్పు కిందికి తెచ్చి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం చేసిన్రు. కాకినాడది సర్కారు జిల్లాల బిడ్డ, అనంతపురంది రాయలసీమ బిడ్డ, మాది తెలంగాణ గడ్డ మీదిది. ముగ్గురన్నదమ్ములను ఒక్క బంతిల కూసుండబెట్టినట్టు. కూసుండబెట్టింది అక్టోబర్ రెండున. తెల్లారి, మూడో తారీకున, ముల్కీ నిబంధనలు చెల్లుతయని సుప్రీంకోర్టు తీర్పు! ముల్కీ అంటే నిజాం నాటి కాయిదా, ఈడి కొలువులు ఈడోళ్లకే అని. ఇగ చూస్కో, ఆ దిక్కు జై ఆంధ్ర లేచింది. బస్సులు ఆగె, రైళ్లు ఆగె, అటు కాలేజీలు మూతబడె. జనవరి వచ్చెటాలకు పీవీ దిగిపోయిండు, రాష్ట్రపతి పాలన వచ్చింది. ఇస్తరాకులు వేసిన్రు, అన్నం వడ్డించకముందే ఇంటి ముందర లొల్లి.

నా పక్క బల్ల గుంటూరు పిలగాడిది. సంక్రాంతికి పోయినోడు నెలల తరబడి రాలే. వాని డ్రాయింగ్ బోర్డు మీద దుమ్ము పడ్తుంటే నేను తుడిసేది. పది పైసల కార్డు ఒకటి వచ్చింది: "నా టీ స్క్వేరు ఎవరికీ ఇయ్యకు." అంతే రాసిండు. మనుషులు కొట్లాడుకుంటున్నరు గని వాని మనసంత టీ స్క్వేరు మీదున్నది. నాకైతే ఆ కార్డు చదివినంక వాడు తప్పకుండ వస్తడని ధైర్యమొచ్చింది. వచ్చిండు కూడా. వాళ్ల అమ్మ పంపిన అరిసెల డబ్బా నా బల్ల మీద పెట్టి, ముల్కీ ముచ్చట గని జై ఆంధ్ర ముచ్చట గని ఎత్తకుండ, "ఎన్ని షీట్లు అయినయ్?" అని అడిగిండు.

తర్వాత నాకు ఈసీఐఎల్ దిక్కు కొలువు దొరికింది. అక్కడ ఒకాయన కాకినాడల చదివినోడు, ఇంకొకాయన అనంతపురంల. నేను సాగర్ చేప ముచ్చట చెప్తే కాకినాడాయన నవ్వి, "మాది ఇంకా చిత్రమండీ" అన్నడు. 1946ల వాళ్ల కాలేజీ మొదలైనప్పుడు పేరేంటిదో ఎరుకేనా? కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్, వైజాగపటం. పేరు విశాఖపట్నానిది, పాఠాలు కాకినాడల! ఎప్పటికన్నా విశాఖ పోదామనే అనుకున్నరట. చుట్టపు చూపుగ వచ్చింది, కాకినాడల్నే కాపురం పెట్టింది.

అనంతపురమాయన ఊకుంటడా? "మాది పుట్టిందే మద్రాసుల" అన్నడు. అదీ 1946ల్నే, గిండీ కాలేజీ ఆవరణల మొదలై, 1948ల అనంతపురం వచ్చింది. పురుడు పుట్టింట్ల పోసుకొని, బిడ్డను ఎత్తుకొని అత్తింటికి వచ్చినట్టు. అప్పటికి వాళ్లు మద్రాసు రాష్ట్రంల ఉన్నరు, మనం నిజాం కింద ఉంటిమి. చూసినవా మరి, ముగ్గురు అన్నదమ్ములల్ల ఒక్కనికన్నా పేరున్న ఊరు, పుట్టిన ఊరు, కాపురమున్న ఊరు మూడూ ఒక్కటయినయా? ఆ పొద్దు మేం ముగ్గురం క్యాంటీన్ల ఈ ముచ్చట పెట్టుకొని నవ్వుతుంటే అన్నం చల్లారిపోయింది.

మన దగ్గర్నే ఇట్ల అనుకోకు. నా దోస్తు కొడుకు కొలువు మీద చైనా పోయొచ్చి చెప్పిండు. అక్కడ జియావోటోంగ్ అని పెద్ద సాంకేతిక విశ్వవిద్యాలయం. 1896ల షాంఘైల పుట్టింది. 1955ల వాళ్ల సర్కారు, పడమటి దిక్కు కూడా చదువు ఎదగాలెనని, దాన్ని షియాన్‌కు పొమ్మన్నది. సముద్రం ఒడ్డు విడిచి ఎక్కడో లోపలి పసుపుమట్టి దేశానికి. పంతుళ్లు, వాళ్ల పెండ్లాం పిల్లలు, పుస్తకాలు, యంత్రాలు అన్నీ రైలెక్కినయి. కొందరు పోయిన్రు, కొందరు ఉన్నరు. 1959ల ఇగ రెండు వేరు కాపురాలనే రాసుకున్నరు, ఒకటి షాంఘైది, ఒకటి షియాన్‌ది. పేరు మాత్రం ఇద్దరికీ అదే. ఆ పిలగాడు చెప్తుంటే నాకు అనంతపురమాయన యాదికొచ్చిండు. గిండీ నుంచి బల్లలు మోసుకొని కరువు సీమకు పోయినోళ్లకు కూడా రైల్ల అట్లనే మనసు కలుక్కుమని ఉంటది గద.

ఇగ మన పట్నానికే వస్త. మాసబ్ ట్యాంక్ పేరు విన్నవు గద? అసలు అది మా సాహెబా తలాబ్, హయాత్ బక్షీ బేగం పేరు మీద. చెరువు పోయి పేరు మిగిలింది. ఆ దిక్కే మా ఫైన్ ఆర్ట్స్ వాళ్లుండేది. వాళ్ల బడి 1940ల నాటిది. చెట్టు కింద కూసొని బొమ్మలేసేటోళ్లు. మా గీత వెంట్రుకంత, వాళ్ల గీత చెయ్యంత మందం. మేం పోయి చూసి వాళ్లను చిన్నగ చూసేది, వాళ్లు మమ్మల్ని అంతకన్న చిన్నగ చూసేది. ఎవరి పిచ్చి వారికానందం.

కూకట్‌పల్లి మాట 1984ల వచ్చింది. కాలేజీ ఆడికి తరలింది. నేను అప్పటికి పిల్లల తండ్రిని. ఒక ఆదివారం మా నాయినను తీసుకొని పోయిన. బొంబాయి రోడ్డు, గుండ్లు, తుమ్మ చెట్లు. బస్సు దిగి నాయిన అటూ ఇటూ చూసి, "సాగర్ ఏదిరా?" అన్నడు. కొత్త గోడకు చెయ్యి ఆనించి, తట్టి చూసి, "గట్టిగనే కట్టిన్రు" అన్నడు. ఆ గుండ్ల మీద ఇప్పుడు ఎంత సంసారం లేచిందో నీకే ఎరుక.

వాటాల ముచ్చట కూడా చెప్పి లేస్త. 2008ల ఆ ఒక్క ఇంటిని నాలుగు చేసిన్రు. హైదరాబాద్‌కు ఒకటి, కాకినాడకు ఒకటి, అనంతపురానికి ఒకటి, మా బొమ్మలోళ్లకు ఒకటి. రాష్ట్రం 2014ల విడిపోతే, ఇది ఆరేండ్ల ముందే విడిపోయింది. అన్ని పంచుకున్నరు గని నెహ్రూ పేరు మాత్రం ఎవరూ విడవలే, నలుగురూ పెట్టుకున్నరు. తర్వాత ఎవరి పిల్లలు వాళ్లకు. మన దిక్కు జగిత్యాల జిల్లా నాచుపల్లి, మంథని, సుల్తాన్‌పూర్. అటు పులివెందుల, కలికిరి. కాకినాడ చెట్టుకు విజయనగరంల వేసిన అంటు, 2022ల గురజాడ పేరు పెట్టుకొని తానే విశ్వవిద్యాలయమైంది. విశాఖ పేరుతోని పుట్టి విశాఖ చేరలేని కాలేజీ, బిడ్డనైతే ఉత్తరాంధ్రకే పంపింది. ఈ మాట మా కాకినాడాయనకు ఫోన్ చేసి చెప్పిన. చాలాసేపు ఏం మాట్లాడలే.

ఇగ కండ్లకోయ, మైసమ్మగూడ, చీర్యాల దిక్కు ఎన్ని ఇంజనీరింగ్ కాలేజీలు మొలిచినయో లెక్కపెట్టు, ద్రాక్ష తోటలు తీసి కాలేజీలు నాటినట్టున్నది. శామీర్‌పేట దిక్కు, మన జవహర్‌నగర్‌ల బిట్స్ పిలానీ ఉన్నది గద, అది వచ్చింది కూడా 2008ల్నే. పిలానీ ఏడుందో చెప్పు? రాజస్థాన్‌ల! మొన్న పక్కింటాయన తన మనుమరాలికి ఆడ సీటొచ్చిందని స్వీట్లు పంచుకుంట "మా పిల్ల పిలానీ పోతున్నది" అన్నడు. నాకు మా నాయిన రుమాలు కండ్ల ముందట కనబడ్డది. ఆయనకేం చెప్పలే. రెండు లడ్డూలు తీసుకొని ఒకటి నీకు పెట్టిన, నువ్వు తిన్నవో లేదో మల్ల.

మంట చల్లబడ్తున్నది. ఆ రెండు కట్టెలు లోపలికి తొయ్యి. తోసినంక నిచ్చెన తెచ్చి అటకెక్కు. గోనెపట్టల చుట్టి ఉంటది టీ స్క్వేరు. దాని వెనక సిరాతోని ఎన్.ఎస్.ఇ.సి. అని రాసుంటది, దాని మీద ఒక గీత కొట్టి కింద జేఎన్‌టీయూ అని ఉంటది. ఆ గీత నేనే కొట్టిన, పెన్సిల్ మొన మంచిగ పలచగ చేసి. పైలంగ దించు, అంచు విరగనియ్యకు.