వాన లెక్క, వాన జాడ: ప్రపంచ ఐసోటోపు దత్తాంశ నిధిలో ఉత్తరాంధ్ర

వ్యాససంగ్రహం

వాన నీటిలోని ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపుల కొలతలను ప్రపంచ వ్యాప్తంగా సేకరించి భద్రపరచిన దత్తాంశ నిధి నేడు అంతర్జాలంలో పరిశోధకులకు అందుబాటులో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చరిత్రను, నీటి సమస్యను అధ్యయనం చేసేవారు ఈ నిధిని ఎలా వెతకాలి? దొరికిన విలువను ఎలా చదవాలి? దొరకనిదాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఈ ప్రశ్నలను చారిత్రక దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ప్రాంతంలో వాన పరిమాణాన్ని నమోదు చేసే సంప్రదాయం పందొమ్మిదో శతాబ్దం నాటిది. వాన స్వభావాన్ని నమోదు చేసే దీర్ఘకాలిక వరుస మాత్రం ఏర్పడలేదు. ఈ ఖాళీకి కూడా ఒక చరిత్ర ఉందని, దాన్ని అంచనా విలువలతో కప్పిపుచ్చకూడదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఐసోటోపులు, వర్షపాతం, ఉత్తరాంధ్ర, కళింగపట్నం, ముఖలింగం, ఉద్దానం, ట్రిటియం, దత్తాంశ నిధి.

1. ఉపోద్ఘాతం

తెలుగు రైతు వానలన్నిటినీ ఒక్కటిగా చూడలేదు. తొలకరి వేరు, ఆరుద్ర వాన వేరు, చిత్త, స్వాతి కార్తెల్లో సముద్రం మీది నుంచి వచ్చే వాయుగుండం వాన వేరు. ఏ వాన ఏ పైరుకు మేలు చేస్తుందో, ఏది కోతకొచ్చిన చేనును ముంచుతుందో కార్తె పేరుతోనే చెప్పుకున్నారు. ప్రభుత్వ రికార్డులో ఈ భేదాలు కనిపించవు. అక్కడ వాన మొదట అంగుళాల్లోనూ తర్వాత మిల్లీమీటర్లలోనూ ఒక సంఖ్య మాత్రమే.

ఇరవయ్యో శతాబ్దపు రసాయన, భౌతిక శాస్త్రాలు వాన భేదాన్ని మరో మార్గంలో గుర్తించాయి. నీటి అణువుల్లో బరువైన ఐసోటోపుల నిష్పత్తిని బట్టి ఆ వాన ప్రయాణం గురించి కొంత చెప్పవచ్చు. అందుకు అవసరమైన కొలతలు ఎక్కడ జరిగాయి, ఎక్కడ జరగలేదు అన్నది మాత్రం చరిత్ర ప్రశ్న. ఆ ప్రశ్నను ఉత్తరాంధ్ర నుంచి అడగడం ఈ వ్యాసం ప్రయత్నం.

2. వాన లెక్క: వేధశాల నుంచి గెజెటీరు దాకా

ఉత్తరాంధ్రలో శాస్త్రీయ పరిశీలనల చరిత్రకు గోడే వెంకట జగ్గారావు (1817-1856) పేరు మొదట చెప్పుకోవాలి. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం నేర్చుకున్న ఈ జమీందారు 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో సొంత వేధశాలను నెలకొల్పారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827-1892) దాన్ని కొనసాగించారు. 1874 నాటి శుక్ర సంక్రమణాన్ని పరిశీలించిన ఈ వేధశాలలో ఖగోళ పరిశీలనలతోపాటు వాతావరణ పరిశీలనలకూ చోటు దక్కింది.

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. ఆ మరుసటి సంవత్సరమే దక్షిణ భారతాన్ని 1876-78 మహాక్షామం చుట్టుముట్టింది. అంతకు ముందే 1866లో ఒరిస్సా క్షామం గంజాం ప్రాంతాన్ని తాకింది. 1896-97లో గంజాం, విశాఖపట్నం జిల్లాలు మళ్లీ కరువు చూశాయి. వర్షమాపకం ఆనాటి ప్రభుత్వానికి విజ్ఞాన సాధనం మాత్రమే కాదు, శిస్తుకూ కరువు సహాయానికీ సంబంధించిన పాలనా సాధనం కూడా. కార్మైకేల్ విశాఖపట్నం మాన్యువల్ (1869), మాల్ట్‌బీ గంజాం మాన్యువల్ (1882), ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజెటీరు (1907) ఈ పాలనా దృష్టితో వెలువడిన సంకలనాలు.

ఇక్కడ పరిశోధకులు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఈ పాత లెక్కల్లో 'శ్రీకాకుళం జిల్లా' అని వెతికితే ఏమీ దొరకదు. నాడు చికాకోల్‌గా రాసిన శ్రీకాకుళం 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం జిల్లాలో ఉండేది. తర్వాత విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో ప్రత్యేక జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. 2022లో పార్వతీపురం మన్యం విడివడింది. వాన కురిసిన నేల మారలేదు కాని, ఆ వానను నమోదు చేసిన దస్త్రం పేరు పలుమార్లు మారింది. ఐసోటోపు దత్తాంశాన్ని వెతికేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరమవుతుంది.

3. వాన జాడ: ఐసోటోపులు చెప్పేది

నీటి అణువులన్నీ ఒకే బరువుతో ఉండవు. అధిక భాగం ఆక్సిజన్-16తో ఏర్పడితే, కొద్ది భాగం ఆక్సిజన్-18తో ఏర్పడుతుంది. హైడ్రోజన్‌లోనూ కొద్దిపాటి డ్యుటీరియం ఉంటుంది. సముద్రం నుంచి నీరు ఆవిరయ్యేటప్పుడు తేలికైన అణువులు ఎక్కువగా పైకి లేస్తాయి. మేఘం కురిసేటప్పుడు బరువైనవి ముందుగా రాలుతాయి. అందువల్ల మేఘం కురుస్తూ సాగినకొద్దీ మిగిలిన ఆవిరిలో బరువైన ఐసోటోపులు తగ్గుతూ పోతాయి. ఈ తేడాను ప్రామాణిక సముద్ర జలంతో పోల్చి, వెయ్యికి ఎన్ని వంతులు ఎక్కువో తక్కువో చెబుతారు.

హార్మన్ క్రెయిగ్ 1961లో ప్రపంచపు వాన నీళ్లను పోల్చి ఒక సరళమైన సంబంధాన్ని ప్రకటించాడు: డ్యుటీరియం విలువ = 8 × ఆక్సిజన్-18 విలువ + 10. చెరువులో ఎండకు ఆవిరైన నీరు ఈ రేఖ నుంచి పక్కకు జరుగుతుంది. కనుక ఒక బావి నీరు నేరుగా ఇంకిన వానదా, చెరువులో నిలిచి ఇంకినదా అన్నది కొంతవరకు తేల్చవచ్చు. విల్లీ డాన్స్‌గార్డ్ 1964లో ఉష్ణమండలాల్లో భారీగా కురిసిన నెలల వానలో బరువైన ఐసోటోపులు తగ్గుతాయని చూపించాడు. దీన్ని పరిమాణ ప్రభావం అంటారు.

ఉత్తరాంధ్రకు ఈ విషయం ముఖ్యమైనది. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వాన, అక్టోబరు, నవంబరుల్లో తిరోగమన ఋతుపవనాల వాన, తుఫాను వాన కురుస్తాయి. గంగా, బ్రహ్మపుత్ర, మహానది వంటి నదుల మంచినీరు చేరే బంగాళాఖాతం ఉపరితల జలం అరేబియా సముద్రపు జలంకన్నా తక్కువ ఉప్పదనంతో, తక్కువ ఆక్సిజన్-18తో ఉంటుంది. తుఫాను వానలో బరువైన ఐసోటోపులు మరింత తగ్గుతాయి. రైతు కార్తె పేరుతో చెప్పిన భేదంలో కొంత భాగం నీటి అణువుల్లోనూ కనిపించే అవకాశం ఉందన్నమాట.

4. దత్తాంశ నిధి పుట్టుక

వియన్నా కేంద్రంగా 1957లో ఏర్పడిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థతో కలిసి 1960 ప్రాంతంలో వాన నీటి ఐసోటోపుల ప్రపంచ పరిశీలక వ్యవస్థను ప్రారంభించింది. దీనికి తక్షణ కారణం కరువూ కాదు, వ్యవసాయమూ కాదు, అణ్వస్త్ర పరీక్షలు. గాలిలో జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్షలు ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్‌ను వాతావరణంలోకి వెదజల్లాయి. ఉత్తరార్ధగోళపు వానలో అది 1963లో పతాకస్థాయికి చేరింది. కొన్నిచోట్ల సహజ స్థాయికి వందల రెట్లు పెరిగింది. అదే ఏడాది కుదిరిన పాక్షిక పరీక్షల నిషేధ ఒప్పందం తర్వాత తగ్గుముఖం పట్టింది.

ప్రమాదంగా వచ్చిన ఈ ట్రిటియమే భూగర్భ జలశాస్త్రానికి కాలసూచిక అయింది. దాని అర్ధాయువు 12.3 సంవత్సరాలు. బావి నీటిలో బాంబు ట్రిటియం కనిపిస్తే ఆ నీటిలో కొంతైనా 1950ల తర్వాత ఇంకిందని అర్థం. 1963 నుంచి ఇప్పటికి సుమారు ఐదు అర్ధాయువులు గడిచాయి. నాటి ట్రిటియంలో దాదాపు 32వ వంతు మాత్రమే మిగిలింది. అంటే ఈ సాక్ష్యం ఏటేటా చెరిగిపోతున్న సాక్ష్యం.

ఈ వ్యవస్థలో వివిధ కాలాల్లో వెయ్యికి పైగా కేంద్రాలు పాల్గొన్నాయి. భారతదేశం నుంచి న్యూఢిల్లీ, ముంబైలు 1960ల ఆరంభం నుంచే ఉన్నాయి. దక్షిణాదిన, తూర్పు తీరాన అంత పొడవైన వరుసలు లేవు. 2008 ప్రాంతంలో అహ్మదాబాదు భౌతిక పరిశోధన ప్రయోగశాల నాయకత్వంలో భారతదేశపు జలాల ఐసోటోపు లక్షణాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం మొదలైంది. అయినా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు దశాబ్దాల నిడివి ఉన్న నెలవారీ వరుస సమకూరలేదు.

5. వెతుకులాటలో మూడు జాగ్రత్తలు

నమోదు చేసుకున్న పాఠకుడు ఈ నిధిలో దేశం, కేంద్రం, సంవత్సరాలు, ఐసోటోపు రకం ఎంచుకొని విలువలను దింపుకోవచ్చు. సాంకేతికంగా ఇది సులభం. చరిత్ర పరిశోధకులకు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది.

మొదటిది పేర్ల సమస్య. ఊరి పేరు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క వర్ణక్రమంతో నమోదవుతుంది. వాతావరణ సంస్థ ఇచ్చిన కేంద్ర సంఖ్య, అక్షాంశ రేఖాంశాలే నమ్మదగిన ఆధారాలు. న్యూఢిల్లీ సంఖ్య 42182. దీనికి రెండు సున్నాలు చేర్చితే ఐసోటోపు నిధిలోని కేంద్ర సంఖ్య అవుతుంది. శ్రీకాకుళం తీరంలోని కళింగపట్నం వాతావరణ కేంద్రానికి 43105 అనే సంఖ్య ఉంది. అంటే గాలి, వాన, ఉష్ణోగ్రతలకు సంబంధించి కళింగపట్నం ప్రపంచ పటంలో ఉన్న ఊరే. వాన నీటిని సీసాలో పట్టి పంపే ఏర్పాటు మాత్రం అక్కడ స్థిరపడలేదు.

రెండవది కాల ప్రమాణం. ఈ నిధిలోని విలువలు ఎక్కువగా నెలవారీ మిశ్రమ నమూనాలవి. నెలంతా కురిసిన వానను ఆవిరి కాకుండా ఒకే పాత్రలో చేర్చి కొలుస్తారు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ వంటి తుఫాను వాన కూడా అలాంటి నమూనాలో మిగిలిన నెల వానతో కలిసిపోతుంది. నెలకు ఒక విలువతో తుఫాను చరిత్ర రాయడం కష్టం.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, అంచనా విలువల సమస్య. అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు ఇస్తే ఆ చోటి వాన ఐసోటోపు విలువను నెలనెలకూ లెక్కగట్టి ఇచ్చే అంతర్జాల సాధనాలు ఉన్నాయి. ముఖలింగానికైనా పార్వతీపురానికైనా అవి వెంటనే సంఖ్యను ఇస్తాయి. అది కొలిచిన విలువ కాదు, దూరపు కేంద్రాల నుంచి గణించిన విలువ. కళింగపట్నం నుంచి ఢిల్లీ, ముంబైలు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. ముంబై వాన అరేబియా సముద్రపు వాన. శాసనంలో శిథిలమైన అక్షరాన్ని పరిష్కర్త ఊహించి పూరించినప్పుడు దాన్ని కుండలీకరణంలో ఉంచడం మనకు తెలిసిన పద్ధతి. ఐసోటోపు పట్టికల్లోనూ గణించిన విలువకు అలాంటి గుర్తు ఉండాలి. గుర్తు లేకుండా ఉటంకిస్తే రెండు వ్యాసాల తర్వాత అదే 'ఉత్తరాంధ్ర కొలత'గా స్థిరపడుతుంది.

6. ముఖలింగం చరిత్రకు దండక్ గుహ సాక్ష్యం

వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగాన్ని తూర్పు గాంగుల రాజధాని కళింగనగరంగా చరిత్రకారులు గుర్తించారు. గాంగ శకం క్రీ.శ. 498 ప్రాంతంలో మొదలైంది. ఆ కాలపు దానశాసనాల్లో చెరువులు, పొలాలు, సరిహద్దులు కనిపిస్తాయి గాని ఏ ఏడు ఎంత వాన కురిసిందో తెలియదు.

ముఖలింగానికి పశ్చిమంగా రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో, బస్తరు ప్రాంతంలో దండక్ గుహ ఉంది. గుహ పైకప్పు నుంచి రాలే నీటి బొట్లతో పెరిగిన సున్నపు స్తంభంలోని ఆక్సిజన్ ఐసోటోపుల ఆధారంగా క్రీ.శ. 600 నుంచి 1500 వరకు ఋతుపవనాల బలాబలాలను పునర్నిర్మించిన అధ్యయనం 2007లో వెలువడింది. 14వ శతాబ్ది ఉత్తరార్ధంలోనూ 15వ శతాబ్ది పూర్వార్ధంలోనూ బలహీన ఋతుపవనాల దశలను అది చూపింది. గాంగుల పాలనలో అధిక భాగం ఈ తొమ్మిది వందల ఏళ్లలోకి వస్తుంది.

గాంగ రాజ్య చరిత్రను ఈ రికార్డుతో పోల్చి చూడాలన్న కోరిక సహజం. అయితే గుహలోని విలువను వానగా అనువదించడానికి ఆధునిక వాన కొలతలే నిఘంటువు. బస్తరు అడవికీ వంశధార మైదానానికీ మధ్య తూర్పు కనుమలున్నాయి. అక్టోబరు తుఫాను వాటా తీరంలో ఒక తీరుగా, లోపలి ప్రాంతంలో మరొక తీరుగా ఉంటుంది. తీరపు ఆధునిక వరుస లేనంతకాలం దండక్ సాక్ష్యాన్ని ముఖలింగానికి విస్తృత నేపథ్యంగా ఉపయోగించవచ్చు. ఒక రాజు కాలపు కరువుకు నేరు రుజువుగా ఉపయోగించరాదు.

7. ఉద్దానం: ఖాళీ గడి మూల్యం

ఈ చర్చ గతానికే పరిమితం కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు తదితర మండలాల ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కూలుస్తోంది. కారణం నిర్ధారణ కాలేదు. అనుమానాల్లో తాగునీరు ఒకటి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది.

నీటిలోని ఐసోటోపులు వ్యాధి కారకాన్ని గుర్తించవు. ఈ విషయంలో అతిశయోక్తికి తావివ్వకూడదు. కాని ఫలానా నూతిలోని నీరు ఏ కాలపు వాననుంచి ఇంకింది, చెరువు ద్వారా వచ్చిందా, కొత్తదా పాతదా అన్న ప్రశ్నలకు అవి ఉపకరిస్తాయి. ఒక నుయ్యి నీటికీ పక్క నుయ్యి నీటికీ రసాయనికంగా తేడా ఎందుకుందో వివరించడానికి ఈ సమాచారం తొలి మెట్టు. అందుకు ముందుగా ఆ ఊరి వాన విలువ తెలియాలి. బావి నీటిని ఈరోజు కొలవవచ్చు. దానితో పోల్చవలసిన 1970ల వాన, 1980ల వాన తిరిగి రావు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ఉత్తరాంధ్ర వాన పరిమాణ చరిత్ర వేధశాల, కరువు, శిస్తు దస్త్రాల్లో ఉంది. దాన్ని గంజాం, విశాఖపట్నం, చికాకోల్ అనే పాత పేర్లతో వెతకాలి.

2. ఐసోటోపు దత్తాంశ నిధి అణుయుగపు ఆందోళన నుంచి పుట్టింది. దాని కేంద్రాలు ఎక్కడున్నాయన్నది నాటి సంస్థల అవసరాలను, అవకాశాలను అనుసరించింది. ఖాళీ గడి ప్రకృతి లోపం కాదు.

3. కొలిచిన విలువనూ గణించిన విలువనూ వేరుగా చూపకపోతే పరిశోధన ఫలితం నిలవదు.

4. గుహ సాక్ష్యాన్ని తీర ప్రాంత చరిత్రకు అన్వయించడానికి తీరపు ఆధునిక కొలతలు కావాలి.

నెలకొక చిన్న సీసా, ఆవిరి కాని పాత్ర, తేదీ, చోటు, వాన పరిమాణం రాసిన చీటీ చాలు, నమూనా సేకరణ మొదలవుతుంది. విశ్లేషణను సాధనాలున్న ప్రయోగశాల చేస్తుంది. ఎచ్చెర్ల, విజయనగరం విశ్వవిద్యాలయాలు, జిల్లాల్లోని డిగ్రీ కళాశాలలు భూగోళ, రసాయన, చరిత్ర శాఖల ఉమ్మడి పనిగా దీన్ని చేపట్టవచ్చు. జగ్గారావు వేధశాల ఒక వ్యక్తి శ్రద్ధతో మొదలై, ఆయన మరణం తర్వాతా కొనసాగింది. ఐసోటోపు వరుసకూ కావలసింది ఆ కొనసాగింపే. వచ్చే తొలకరి నుంచి పట్టిన నీటికి పదేళ్ల తర్వాత విలువ తెలుస్తుంది. ఉద్దానం నూతుల గురించి, ముఖలింగం కరువుల గురించి అప్పటి పరిశోధకులు అడిగే ప్రశ్నకు ఈ నేల మీద కొలిచిన సంఖ్యతో సమాధానం దొరుకుతుంది.