వేగానికి కళ్లెం ఎవరి చేతిలో?



పిండిమర ఆడించే ఆయిల్ ఇంజను మీలో చాలామంది చూసే ఉంటారు. దానికి గవర్నర్ అనే అమరిక ఒకటి ఉంటుంది. ఇంజను ఎంత వేగంగా తిరగాలో అది కట్టడి చేస్తుంది. ఇంజనులో సత్తువ లేక కాదు, అంతకు మించి తిరిగితే చెడిపోతుందని. కంప్యూటరుకూ ఇలాంటి కళ్లెం ఉంది. అది తయారీదారు చేతిలోనుంచి వాడుకునేవారి చేతికి ఎలా వచ్చిందో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

కంప్యూటరు స్విచ్చి వేయగానే మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉన్న ఒక చిన్న ప్రోగ్రాము ముందుగా మేల్కొంటుంది. మెమరీ, కీబోర్డు, డిస్కు సరిగా ఉన్నాయో లేదో చూసి, ఆ తరువాతే మిగతా పనికి దారి ఇస్తుంది. దాని పేరు బయోస్. 1970ల నడుమ గ్యారీ కిల్డాల్ తన సీపీ/ఎం వ్యవస్థలో ఈ పేరును వాడుకలోకి తెచ్చారు.

1981 ఆగస్టులో ఐబీఎం పర్సనల్ కంప్యూటరు వచ్చింది. దాని వేగం 4.77 మెగాహెర్ట్జ్. అంటే ప్రాసెసరుకు సెకనుకు సుమారు 47 లక్షల 70 వేల దరువులు. నిజానికి అందులోని 8088 ప్రాసెసరు 5 మెగాహెర్ట్జ్ వరకూ నడవగలదు. మరి 4.77 దగ్గరే ఎందుకు ఆపారు? అమెరికా కలర్ టీవీ సంకేతానికి సరిపోయే 14.318 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని బోర్డు మీద పెట్టి, అందులో మూడో వంతును ప్రాసెసరుకు ఇచ్చారు. ఒకే స్ఫటికంతో రెండు పనులు. చూశారా, అక్కడ వేగాన్ని తేల్చింది యంత్రం సత్తా కాదు, పొదుపు లెక్క.

1984లో వచ్చిన ఐబీఎం ఏటీ 6 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. దాని స్ఫటికం 12, అందులో సగం ప్రాసెసరుకు. కొందరు గడుసువాళ్లు ఆ స్ఫటికం పీకి 16ది పెట్టారు. వేగం 8కి చేరింది! ఐబీఎం ఊరుకుందా? తరువాతి బయోస్‌లో వేగాన్ని కొలిచే పరీక్ష చేర్చింది. హద్దు దాటితే యంత్రం మొదలే కాదు. ఆపై 1986లో 8 మెగాహెర్ట్జ్ ఏటీని తానే అమ్మింది.

1990లలో చాలా బోర్డుల మీద జంపర్లు, అంటే చిన్న ప్లాస్టిక్ టోపీలు, మార్చి వేగం సరిచేసేవారు. తైవాన్‌కు చెందిన అబిట్ కంపెనీ సాఫ్ట్‌మెనూ పేరుతో ఆ పనిని బయోస్ తెర మీదికి తెచ్చింది. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. దాని గుణకం నాలుగున్నర. బస్ వేగం 66 అయితే 300 మెగాహెర్ట్జ్. బస్‌ను 100కి మార్చితే 450. పెట్టె తెరవకుండానే సగానికి సగం ఎక్కువ వేగం!

అయితే శ్రోతలారా, ఊరికే వచ్చే వేగం లేదు. ప్రాసెసరు తట్టుకోవడానికి వోల్టేజీ నూటికి పది పెంచితే, వేగం పెంచకపోయినా దాని విద్యుత్ వాడకం నూటికి 21 వరకు పెరుగుతుంది. అదంతా వేడే. మెమరీ హద్దు దాటితే యంత్రం ఆగకుండానే తప్పులు చేయవచ్చు. దాచుకున్న లెక్కలు, ఫోటోలు తెలియకుండానే పాడవుతాయి.

ఇప్పుడు కళ్లెం మళ్లీ కొంత యంత్రం చేతికే వెళ్లింది. 2008 నుంచి ఇంటెల్ టర్బో బూస్ట్ వేడిని చూసుకుంటూ తానే వేగం పెంచుతుంది. 2007లో వచ్చిన ఎక్స్ఎంపీ అనే అమరిక, మెమరీ తయారీదారు పరీక్షించిన వేగాన్ని ఒక్క ఎంపికతో అందిస్తుంది. 3200 వేగానికి కొన్న మెమరీ అది లేక 2133 దగ్గరే నడుస్తూ ఉండవచ్చు. పాత హార్డ్‌డిస్కుతో నడిచే యంత్రానికైతే బయోస్ మార్పుల కన్నా ఎస్ఎస్‌డీ ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదివే మన పిల్లలకు ఆ తెర మీది ఇంగ్లీషు మరో భాష. అర్థం కాని మాట ఎదురైతే దాన్ని ముట్టుకోవద్దని చెప్పండి. మార్చేముందు ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీయించండి, పాత అంకెను నోటు పుస్తకంలో రాయించండి. ఒకసారికి ఒక్క మార్పే చేయనివ్వండి. కళ్లెం చేతికి వచ్చినప్పుడు, వదలడం కన్నా పట్టడం ముందుగా నేర్చుకోవాలి.